పన్నెండో నంబరు బిళ్ళ

ఎనుమాముల యార్డుల
పొద్దు కంటే ముందు ఘాటు లేస్తది.
మిర్చి లారీలు కాశిబుగ్గ దాకా ఆగి ఉన్నయి,
డ్రైవర్లు తువ్వాల మూతికి కట్టుకొని తుమ్ముతున్నరు.
గేటు కాడ టోకెన్ ఇయ్యాల్సిన తెర మీద
తెల్ల చక్రం ఒక్కటే తిరుగుతున్నది.

అది రాసింది నేనే.
మడికొండల, ఏసీ గదిల కూసొని
మూడు నెలలు రాసిన.

ఇరవై కనెక్షన్లు పెట్టిన.
డేటాబేస్ తలుపు ప్రతిసారీ కొట్టి తెరిపియ్యాలంటే
పొద్దు పోతది గనుక
ముందుగాలనే తెరిచి పెట్టుకున్న ఇరవై దారులు.
అడిగినోళ్ళకు ఒకటి ఇయ్యాలె,
పనయినంక తీసుకోవాలె,
తుడిచి ఇంకొకలకు ఇయ్యాలె. అంతే లెక్క.

ఇయ్యాల ఇరవైకి ఇరవై బయటనే ఉన్నయి.
ఎవరి చేతుల ఉన్నయో తెలువదు.
లాగుల మాత్రం ఒకటే మాట, వందలసార్లు:
ముప్పై సెకన్లు చూసిన, దొరకలే.
ముప్పై సెకన్లు చూసిన, దొరకలే.

ఫోన్ల మా సారు: "రెండు వందలు చెయ్యి!"
చేసిన.
రెండు నిమిషాలు టోకెన్లు జలజలా రాలినయి.
మూడో నిమిషానికి డేటాబేసే కూలబడ్డది,
ఒక్క వాకిట్ల రెండు వందల మంది
ఒక్కపారే చొరబడ్డట్టు.
మళ్ళ ఇరవైకి దించి
ల్యాపుటాపు ఒళ్ళో పెట్టుకొని
బస్తాల షెడ్డు గడప మీద కూసున్న.

ఆడ గోడకు ఒక చెక్క,
చెక్కకు వరుసగా మేకులు, మేకులకు రేకు బిళ్ళలు.
తోపుడు బండ్ల లెక్క అది.
బండి తీస్కపోయే హమాలి బిళ్ళ తీస్కపోవాలె,
బండి తెస్తే బిళ్ళ తగిలియ్యాలె.
మేస్త్రి కొమ్మాలు దాని ముందట నిలబడి
ఒక ఖాళీ మేకునే చూస్తున్నడు.
"పన్నెండో నంబరు రాలే," అన్నడు నన్ను చూడకుండనే.
"పోయిందా?"
"యాడికి పోతది బిడ్డా.
మా ఐలయ్య బస్తా నడుమల చినిగింది.
బండి ఆడనే ఇడిసిపెట్టి
దబ్బనానికి ఉరికిండు.
పని సక్కగ అయితే అందరు బండి తెస్తరు.
బస్తా చినిగిన కాడనే మర్శిపోతరు."

నా కోడుల బస్తా యాడ చినుగుతున్నదో
అప్పుడు వెతికిన.

బానోతు చాంప్లా. టమాట మిర్చి. పద్దెనిమిది బస్తాలు.
తేమ శాతం: ఖాళీ.
మూడో గేటు కాడ తేమ మిషను బ్యాటరీ
రాత్రే అయిపోయిందంట.
తేమ లేకపోతే "తప్పు" అని చెప్పి
నా ఫంక్షన్ మధ్యలనే వెనుకకు మళ్ళుతది,
చేతుల కనెక్షన్‌తోని.
మూడో గేటుకు వచ్చిన రైతుకొకటి.
ఇరవై మంది చాలు.

ఒక్క లైను కిందికి జరిపిన.
పనయినా, ఆగినా, అడ్డం తిరిగినా
ఆఖరుకు అది నడిచి తీరాలె:
తెచ్చి ఇయ్యి.
ఇంకో లైను: అర నిమిషంల ఇయ్యకపోతే
ఎవరు పట్టుకున్నరో పేరు రాయి.

చక్రం ఆగింది.
వాడుకల పదకొండు, ఖాళీగ తొమ్మిది,
నిలబడ్డది ఎవరూ లేరు.
మా సారు బొటనవేలు బొమ్మ పంపిండు.

మూడో గేటు కాడ
చాంప్లా తన బస్తాల మీదనే కూసొని ఉన్నడు,
చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకొని.
చేతుల టోకెన్ పెట్టిన.
అటు మల్లించి చూసిండు, ఇటు మల్లించి చూసిండు.
"జెండా పాట?" అన్నడు.
లోపల పాట అయిపోయి గంటయింది.
ఇయ్యాల్టి పై ధర ఎవరికో పలికింది.
నేను సర్వర్ గురించి చెప్పబోయిన,
తుమ్ము వచ్చింది.

షెడ్డుల ఐలయ్య
కుట్లు పడ్డ బస్తా దించి, బండి ఒరిగిచ్చి,
బిళ్ళ తగిలిచ్చిండు.
రేకు, మేకు మీద కొద్దిసేపు ఊగింది.